తట్టు పోసిన పిల్ల

చలి ముదరకముందే మా చర్చి బేస్‌మెంట్‌లో పాత కోట్లు, బూట్లు పోగేసి ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళకు పంచుతాం. కెనడాలోని ఈ ఎడ్మంటన్‌లో మంచి కోటు లేనివాళ్ళు ఇంటి నుంచి బస్‌స్టాప్ దాకా కూడా నడవలేరు. మొన్న శనివారం ఒకామె పిల్లలతో వచ్చింది. ఏదో యుద్ధం తప్పించుకుని, ఏవేవో శిబిరాలు దాటుకుని ఈమధ్యే ఇక్కడ దిగిన మనిషి. మాతో పనిచేసే తెల్ల పెద్దావిడ ఒకరు, చాలా మంచి మనిషి, పెద్దపిల్లకు ఎర్ర కోటు తొడిగి, బొత్తాలు పెట్టి, ముచ్చటపడి ఫోన్‌తో ఫోటో తీయబోయింది. అంతే. ఆ తల్లి ఒక్క గుంజు గుంజి పిల్లను తన వెనక్కి లాక్కుంది. కోటు విప్పి బల్లమీద పెట్టేసింది. అరవలేదు, తిట్టలేదు. తలుపు ఎక్కడుందో, తలుపు దగ్గర ఎవరున్నారో మాత్రం ఒకసారి చూసుకుంది.

పెద్దావిడ మొహం చిన్నబోయింది. నా పక్కన స్వెట్టర్లు మడతపెడుతున్న అమ్మాయి, కరీంనగర్ నుంచి చదువుకోడానికి వచ్చిన పిల్ల, నా చెవిలో గొణిగింది.

"గింత మంచిగ ఇస్తుంటే గట్ల జేస్తదేంది ఆంటీ? ఫోటోనే గదా. ఏమన్న ఎత్తుకపోతమా?"

"ఎత్తుకుపోతారనే అనుకుంటుందమ్మా," అన్నాను.

"అగో, ఎందుకట్ల?"

ఆ సాయంత్రం ఆ కరీంనగర్ పిల్లను కారులో దింపుతూ చెప్పడం మొదలుపెట్టాను. సగం కూడా చెప్పకముందే ఆమె దిగాల్సిన చోటు వచ్చేసింది. షిఫ్ట్‌కి లేటవుతోందని పరిగెత్తింది. మిగతాది నా దగ్గరే ఉండిపోయింది. అప్పట్నుంచీ మనసు కుదురుగా లేదు.

నాకు పదేళ్ళప్పుడు మా అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆఫ్రికాలో సముద్రం ఒడ్డునున్న ఒక దేశానికి వెళ్ళింది. నాన్న అప్పటికే పోయారు. అమ్మ గోదావరి జిల్లాలో మిషన్ ఆసుపత్రి నర్సు. అక్కడేమో, సొంత జనం సొంత జనాన్నే నరుక్కున్న యుద్ధం ఒకటి అప్పుడే ముగిసింది. పరాయిదేశాల నుంచి సాయం చేయడానికి వచ్చిన బృందం ఒకటి నర్సులు కావాలంటే, మా ఆసుపత్రి దొరసానిగారు అమ్మ పేరు చెప్పారు. దొరసానిగారు చెబితే అమ్మకు దేవుడు చెప్పినట్టే. ఉప్పెన వచ్చిన ఏడు చిన్నపిల్లగా ఉన్న అమ్మను బోర్డింగులో చేర్చుకుని, తిండి పెట్టి, చదివించి, నర్సును చేసింది ఆవిడే. మా ఇంట్లో ప్రార్థనకి ఆవిడ పేరు తలుచుకోకుండా ఆమెన్ పడేది కాదు.

ఆ ఊరి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. పొగబెట్టిన చేపలు, ఎర్రమట్టి, కాలిన ఇళ్ళ మీద వాన పడితే లేచే తడి బూడిద, వీటన్నిటి మీదా మా ఫినాయిలు. సగం కప్పు ఎగిరిపోయిన ఒక బడిని ఆసుపత్రి చేశారు. చుట్టూ ముళ్ళతీగ. లోపల మా అమ్మకిచ్చిన రెండు గదులు, డాక్టరు దొర ఉండే గది, పాలపొడి కలిపి పంచే రేకుల షెడ్డు, బస్తాల గిడ్డంగి. బయట ఊరు.

డాక్టరు దొర కెనడా మనిషి. ఆ దేశం పేరు నేను మొదట విన్నది ఆయన నోటే. తలుపు గడప దగ్గర తల వంచుకుని నడిచేంత పొడుగు. మాట తక్కువ. గిడ్డంగిలో బస్తాల మీద కూడా ఆయన దేశం జెండాలోని ఆకు బొమ్మ ఉండేది. వాటినిండా పచ్చబఠాణీ బద్దలు. మా అమ్మ వాటిని చూసి "పెసరపప్పూ కాదు, శనగపప్పూ కాదు, ఇదేం పప్పే దేవుడా!" అని, చివరికి దాంతోనే పప్పు వండింది. ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవాలు, ఎండుమిరపకాయలు వేసి తాలింపు పెట్టింది. ఆ ఘాటు ముళ్ళతీగ దాటి బయట పాలకోసం నిలబడ్డ ఆడవాళ్ళకి కొట్టింది. అందరూ దగ్గుకుంటూ చెదిరిపోయారు. జనాన్ని తరమడానికి కొత్త నర్సు ఏదో మందు కాలుస్తోందని సాయంత్రానికల్లా ఊరంతా పాకిపోయింది.

యుద్ధం అయిపోయిందని పెద్దవాళ్ళందరూ అనేవారు. కానీ అక్కడ ఎవరూ ఎవరినీ నమ్మేవారు కాదు. పాలపొడి తాగితే ఆడవాళ్ళకి ఇక పిల్లలు పుట్టరని ఊళ్ళో అనుకునేవారు. అయినా ఇచ్చినప్పుడు తీసుకునేవారు. తీసుకెళ్ళి నీళ్ళలో కలిపి గోడలకి పూసేవారు. ఇంతమందికి సున్నం ఎక్కడ దొరుకుతోందా అని డాక్టరు దొర చాన్నాళ్ళు ఆశ్చర్యపోయారు. దొరలవైపు అనుమానం ఇంకో రకం. బయటికి వెళ్ళే ప్రతి ఆడమనిషి మూటనీ గేటు దగ్గర విప్పి చూసేవారు. గర్భిణుల్ని కూడా పొట్ట తడిమి పంపేవారు. ఊళ్ళోవాళ్ళు ప్రేమగా ఏదన్నా వండి తెస్తే దొరలు నవ్వి, థాంక్యూ చెప్పి, వెనకవైపు కుక్కకి పెట్టేవారు. తీగ అవతలి నుంచి అది అందరికీ కనబడేదని వాళ్ళకి తట్టలేదు.

మేము ఎటూ కాకుండా ఉండేవాళ్ళం. గేటుకి ఎదురుగా పొగచేపలు అమ్ముకునే ఒక ముసలామె, ఆమె మనవరాలు ఉండేవారు. ఆ పిల్లది నా వయసే. యుద్ధంలో పరిగెత్తుతూ పడి ముందుపన్ను సగం విరిగింది. మొదటిసారి తీగ దగ్గరికి వచ్చి నన్ను ఎగాదిగా చూసి, వాళ్ళు విరిచి మాట్లాడే ఇంగ్లీషులో అడిగింది.

"నువ్వు దొరలదానివా, మాదానివా?"

"నేను మా అమ్మదాన్ని," అన్నాను.

నా చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టి చూసింది. కొంచెం తృప్తిపడింది. తర్వాత నా కాళ్ళ వైపు చూసి పెదవి విరిచింది. బాటా చెప్పులు. వాటిని విప్పి తీగకింద తోసేశాను. ఆ పూట నుంచీ మేం నేస్తాలం.

తను మనుషుల నడకలు అనుకరించేది. డాక్టరు దొర గడప దగ్గర తల వంచడం, మా అమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని బురద దాటడం, గేటు కాపలావాడు ఎవరూ చూడనప్పుడు గోక్కోవడం. గిడ్డంగి వెనక రేకు కొంచెం లేచి ఉండేది. అక్కణ్ణుంచి దూరి బస్తాల గుట్ట ఎక్కి జారుడుబల్ల ఆట ఆడేవాళ్ళం. ఒకసారి బస్తా చిరిగి బద్దలన్నీ మామీద పడ్డాయి. ఎవరు బద్దను ముక్కులో ఎక్కువ లోపలికి దూర్చగలరో పందెం వేసుకున్నాం. తను గెలిచింది. అమ్మ దాన్ని చిన్న పట్టకారుతో లాగేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. మర్నాటికల్లా ఊళ్ళో కొత్త మాట: దొరలిచ్చే గింజ తింటే పిల్లల తలలో మొలకెత్తుతుందట! వారం పాటు ఎవరూ బఠాణీ బద్దలు ముట్టలేదు.

తన బామ్మను నేను మామ్మ అని పిలిచేదాన్ని. ఆమెకు అదేమిటో తెలియదు, కానీ పలికేది. ఒకరోజు మామ్మ పొయ్యి మీద ఏదో పుల్లటి ఆకు ఉడుకుతుంటే ఆ వాసన పట్టుకుని అమ్మ గేటు దాటి వచ్చేసింది. మూత తీసి చూసి, "ఓరి దేవుడా, గోంగూరే! గోంగూరేనే ఇది!" అని అక్కడే నేలమీద చతికిలబడి కళ్ళు తుడుచుకుంది. మామ్మకి ఏమీ అర్థం కాలేదు. ఆకు చూసి ఏడ్చే నర్సుని ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆకు, ఎండుచేప కలిపి వండిన ఆ కూరని ఒక రేకు పళ్ళెంలో పెట్టి, ముందు తను ఒక ముద్ద తిని, తర్వాత అమ్మ వైపు జరిపింది. అలా ముందు తినడం వాళ్ళ మర్యాద. ఇందులో విషం లేదు, చూసుకో అని. అమ్మ పళ్ళెం ఊడ్చి తినేసింది.

అప్పట్నుంచీ మామ్మ మా వెనకగుమ్మం దాకా వచ్చేది. లోపలికి మాత్రం అడుగుపెట్టేది కాదు.

వానలు వెనకబడి ఉక్క పోసే నెలల్లో ఇంకో దొరసాని వచ్చింది. ఇరవై దాటిన పిల్ల. మొహం నిండా గోధుమరంగు చుక్కలు, సంచీ నిండా బెలూన్లు, మెడలో కెమెరా. ఆమె అంత నవ్వే మనిషిని ఆ ఊరు చాన్నాళ్ళుగా చూసుండదు. పిల్లలు వెంటపడేవారు. మేమూ పడ్డాం. పిల్లలందరినీ ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి ఫోటో తీసి, "మీ అమ్మ ఏదీ? నాన్న ఏడీ?" అని మెల్లగా అడిగేది.

నా నేస్తాన్నీ అడిగింది.

"అమ్మ చచ్చిపోయింది."

"నాన్న?"

"యుద్ధానికి పోయాడు. తెలీదు."

ఆ దొరసాని కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. మమ్మల్నిద్దర్నీ దగ్గరికి తీసుకుని ఒక బొమ్మ చూపించింది. మంచు కప్పిన ఇల్లు, కిటికీలో పసుపు దీపం, ముందు తోకాడించే కుక్క. "అమ్మానాన్న లేని పిల్లల కోసం ఇలాంటి ఇళ్ళలో మంచివాళ్ళు ఎదురుచూస్తున్నారు," అంది. ఏ దేశమో చెప్పలేదు. నా నేస్తం ఆ బొమ్మ మీద వేలితో తడిమింది. మంచు చల్లగా ఉంటుందేమోనని చూసినట్టుంది. నాకు కడుపు మండింది. ఆ రాత్రి అన్నం ముందు అమ్మని అడిగాను.

"నాకూ నాన్న లేడు కదా. నన్నెందుకు తీసుకెళ్ళరు?"

అమ్మ నెత్తిమీద ఒక్కటిచ్చింది. తర్వాత దగ్గరికి లాక్కుంది.

అమ్మకు మొదట ఆ దొరసాని మీద ఏ అనుమానమూ లేదు. కొన్నాళ్ళలో చిన్న విమానం వస్తుందని, ఎవరూ లేని పిల్లలు కొందరు అందులో వెళ్తారని, వాళ్ళ ఆరోగ్యం చూసి సరేననడం నర్సు పని అని చెబితే, "దేవుడు ఆ పిల్లలకి తోవ చూపించాడు," అంది. ఆ పిల్లల్లో నా నేస్తం కూడా ఉందని తెలిసి, "దాని అదృష్టం," అంది. తను అలా నడిచి వచ్చిన తోవే కదా అది.

విమానం ఇంకో రెండు మూడు రోజుల్లో వస్తుందనగా, మధ్యాహ్నం వేళ మామ్మ మా వెనకగుమ్మంలో నిలబడింది. చేపల తట్ట లేదు. అమ్మ పీట వేసింది, కూర్చోలేదు. అమ్మది ఆసుపత్రి ఇంగ్లీషు, మామ్మది సంత ఇంగ్లీషు. ఒకరి మాట ఒకరికి సరిగ్గా ఎక్కేది కాదు. ఎప్పుడూ నేనే అటూ ఇటూ చెప్పేదాన్ని. ఆ రోజూ నేనే చెప్పాను.

"నా పిల్లని విమానం ఎక్కిస్తారట. నిజమా?" అంది మామ్మ.

"నువ్వు ఒప్పుకున్నావని దొరసాని చెప్పిందే," అంది అమ్మ.

"తలూపాను. దొరలు ఏం చెప్పినా తలూపుతాను. తలూపితే తొందరగా వెళ్ళిపోతారు."

అమ్మ గరిటె పక్కన పెట్టింది. "మామ్మా, అక్కడ దానికి చదువుంటుంది. కడుపునిండా తిండి ఉంటుంది. నువ్వు ఎంతకాలం ఉంటావు? నీ తర్వాత దాని గతేంటి?"

నేను అది చెప్పడానికి తడబడ్డాను. మామ్మ నా మొహంలోంచే అర్థం చేసుకుంది.

"మా వంట కుక్కకి పెట్టేవాళ్ళు మా పిల్లని పెంచుతారా?"

"అందరూ అలాంటోళ్ళు కాదు. నన్నూ దొరసానిగారే పెంచారు. చూడు, నర్సునయ్యాను."

మామ్మ మొదటిసారి అమ్మను పరీక్షగా చూసింది. "మీ అమ్మ చచ్చిపోయిందా అప్పటికి?"

అమ్మ మళ్ళీ గరిటె అందుకుంది. "లేదు. ఉంది. ఉప్పెనలో ఇల్లూ గొడ్డూ పోయాయి. కూలికి పోయేది. ఆదివారం ఆదివారం బోర్డింగు గేటు దగ్గరికి వచ్చేది. తేగల కాలంలో తేగలు తెచ్చేది."

"లోపలికి రానిచ్చేవారా?"

"గేటు దగ్గరే."

"నిన్ను తీసుకెళ్ళేముందు ఆమెని అడిగారా?"

ఆ మాట నేను తెలుగులో చెప్పాను. అమ్మ నన్ను చూసింది, నేనే ఆ ప్రశ్న వేసినట్టు.

"నాకు మంచే జరిగింది మామ్మా," అంది.

"మంచి జరిగిందో లేదో నేను అడగలేదు."

మామ్మ వెనక్కి తిరిగింది. వెళ్ళబోతూ ఆగి, నా నెత్తిమీద చెయ్యి వేసి, అమ్మతో అంది. "నువ్వయితే దీన్ని ఆ విమానం ఎక్కిస్తావా?"

ఈసారి నేను తర్జుమా చేయక్కర్లేకపోయింది.

మర్నాడు పొద్దున్నే షెడ్డులో పిల్లల్ని బారుగా నిలబెట్టారు. అమ్మ ఒక్కొక్కరి నాలుక, కళ్ళు, ఛాతీ చూసి, సరేనంటూ పక్కకి పంపుతోంది. ఆ వరసలో ఒక అక్కా తమ్ముడూ ఉండేవారు. తమ్ముడు అక్క గౌను అంచు వదిలేవాడు కాదు. వాళ్ళిద్దరినీ కూడా సరే అంది. నా నేస్తం వంతు వచ్చింది. గౌను పైకెత్తి వీపు చూసింది. మెడ చూసింది. చెవుల వెనక చూసింది.

"తట్టు పోసింది," అంది తెలుగులో, తనలో తను. ఆమీద దొరసాని వైపు తిరిగి ఇంగ్లీషులో, "మీజిల్స్. ఈ పిల్ల రాకూడదు. విమానంలో అందరికీ అంటుకుంటుంది," అంది.

నేను పక్కనే ఉన్నాను. అవి చెమటకాయలు. నా వీపు మీద కూడా అవే ఉన్నాయి, రోజూ స్నానం చేయించి అమ్మే పౌడరు రాసేది. నోరు తెరవబోయాను. అమ్మ నా వైపు ఒక చూపు చూసింది. నోరు మూసుకున్నాను.

దొరసాని వంగి ఎంత చూసినా ఆ నల్లటి వీపు మీద ఆమెకేమీ తెలియలేదు. "అయ్యో, దీనికోసం ఇల్లు కూడా దొరికింది," అంటూ ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. నా నేస్తం ఆమెకంటే గట్టిగా ఏడ్చింది.

పక్క ఊరి శిబిరం నుంచి సాయంత్రం డాక్టరు దొర వచ్చారు. దొరసాని ఆయన్ని మా గదికి తీసుకొచ్చింది. ఎవరికీ అంటుకోకూడదని అమ్మ అక్కడే ఉంచిన నా నేస్తం చాప మీద ముడుచుకుని కూర్చుంది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని దాని నోరు తెరిపించి, బుగ్గల లోపలికి టార్చి వేసి చూశారు. వీపు చూశారు. నుదుటిమీద చెయ్యి పెట్టారు. జ్వరం లేదు కదా, ఎలా ఉంటుంది! అమ్మ గోడకి ఆనుకుని నిలబడింది. వేళ్ళు కొంగు చివరని చుడుతున్నాయి, విప్పుతున్నాయి.

"మీజిల్స్," అన్నారాయన.

అది అమ్మను అడిగారో, దొరసానికి చెప్పారో ఇప్పటికీ నాకు తెలియదు. అమ్మ "యస్ డాక్టర్," అంది. ఆయన లేచి, మా తొట్టి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కుని, "పిల్లని విడిగా ఉంచండి," అని తల వంచి గడప దాటి వెళ్ళిపోయారు. ఆయన నమ్మారా, నమ్మినట్టు ఉండిపోయారా? తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. మా అమ్మతో అంతకుముందు ఎంత మాట్లాడేవారో అంతే మాట్లాడారు.

విమానం వచ్చిన రోజు నా నేస్తం మా గది కిటికీ ఊచలకి వేలాడి చూసింది. చప్పుడు దగ్గరై, దూరమై, ఆగిపోయాక కిందికి దిగి, అమ్మ కలిపి పెట్టిన పప్పన్నం పళ్ళెం కాలితో తన్నింది. బద్దల పప్పు గోడంతా చిమ్మింది. అమ్మ గుడ్డ తెచ్చి తుడిచింది.

"నాకు తట్టు లేదు. నీకు తెలుసు," అంది నాతో నా నేస్తం.

"నాకేం తెలీదు."

"మీ అమ్మ నిన్ను ఎక్కిద్దామని నన్ను ఆపేసింది."

ఆ అనుమానం ఎక్కణ్ణుంచి వచ్చిందో! ఎన్నాళ్ళో నాతో మాట్లాడలేదు. తట్టు తగ్గిందని అమ్మ చెప్పేదాకా ఒకే గదిలో వీపులు ఆనించుకుని కూర్చునేవాళ్ళం. చివరికి ఒక మధ్యాహ్నం, దొరసాని కెమెరా పట్టుకుని నడిచే నడక తను చేసి చూపిస్తే ఇద్దరం పగలబడి నవ్వాం. అయినా మునుపటిలా కాలేదు. నవ్వుతూనే ఉండి మధ్యలో నన్ను పరీక్షగా చూసేది.

వానలు పట్టుకునే ముందు గేటు దగ్గరికి ఒకాయన వచ్చాడు. చంకకింద కర్ర, ఒక కాలు మోకాలి దాకానే ఉంది. ఎక్కడో చెరలో ఉండి, వదిలేస్తే నడుచుకుంటూ వచ్చాడట. ఆ అక్కా తమ్ముళ్ళ నాన్న. ఇల్లు కాలిపోయి ఉంది. పిల్లలు దొరల దగ్గర ఉన్నారని ఎవరో చెప్పారు. తీగలోంచి నన్ను చూసి, అరచేతితో ఒక ఎత్తు చూపించాడు, తర్వాత ఇంకొంచెం కింద మరో ఎత్తు. చూశావా అని. నేను అమ్మ కోసం లోపలికి పరిగెత్తాను.

దొరసాని బయటికి వచ్చింది. విషయం తెలిశాక అక్కడే మెట్ల మీద కూలబడింది. "ఎవరూ లేరన్నారు. పక్కింటివాళ్ళే చెప్పారు, ఎవరూ లేరని," అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంది. డాక్టరు దొర వైర్‌లెస్‌లో ఎవరెవరితోనో మాట్లాడారు. ఏ కబురూ రాలేదు. వచ్చినా మాకు తెలియలేదు. ఆ పిల్లల నాన్న గేటు ఎదుట కూర్చున్నాడు. దొరలు పంపిన అన్నం ముట్టలేదు. మామ్మ పెట్టింది తిన్నాడు. వానలు పడ్డా కదల్లేదు, నెత్తిమీద ఆకు బొమ్మ ఉన్న ఖాళీ బస్తా ఒకటి కప్పుకుని అక్కడే ఉండేవాడు. ఒకరోజు పొద్దున చూస్తే లేడు. ఎటు పోయాడో ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత పాల షెడ్డుకి ఎవరూ రాలేదు. పిల్లలు కనబడితే తల్లులు లోపలికి లాక్కునేవారు. దొరసాని తీసిన ఫోటోలు తిరిగి ఇచ్చేయమని ఆడవాళ్ళు గేటు దగ్గర అరిచారు. ఆమె ఒక చిన్న పెట్టెతో, బెలూన్లు లేకుండా వెళ్ళిపోయింది. కానీ జ్వరమొచ్చిన పిల్లలతో, నొప్పులతో ఉన్న ఆడవాళ్ళతో తెల్లవారుజామునే మా వెనకగుమ్మం నిండిపోయేది. లోపలికి మాత్రం ఒక్కరూ రాలేదు. మాత్ర ఇస్తే, "ముందు నువ్వు వేసుకో," అనేవారు కొందరు. అమ్మ వేసుకునేది.

అమ్మ ఒప్పందం అయిపోయింది, పొడిగించలేదు. ఎందుకని అమ్మ అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. మేం బయల్దేరే రోజు మామ్మ అరిటాకులో పొగచేప చుట్టి తెచ్చింది. ఒక ముక్క విరిచి ముందు తను నోట్లో వేసుకుని, మిగతాది అమ్మ చేతిలో పెట్టింది. థాంక్స్ లాంటి మాట ఏమీ అనలేదు. అమ్మ అక్కడే, లారీ ఎక్కకముందే, నిలబడి దాన్నంతా తినేసింది. నా నేస్తం లారీ వెనక కొంతదూరం పరిగెత్తింది, మా అమ్మ చీర పట్టుకుని నడిచే నడకతో. ఏడవాలో నవ్వాలో తెలియలేదు నాకు. తన నాన్న వచ్చాడో లేదో, తను పెరిగి ఏమయిందో నాకెప్పటికీ తెలియదు.

ఇంటికొచ్చాక అమ్మ ప్రార్థనలు మారలేదు. దొరసానిగారి పేరు అలాగే తలుచుకునేది. కాకపోతే దానికి ముందు తన అమ్మ పేరు చేరింది.

నేను పెళ్ళయి ఈ దేశం వచ్చాను. అమ్మను తర్వాత స్పాన్సర్ చేసి తెచ్చుకున్నాం. ఈ ఊళ్ళోనే తన చివరి ఏళ్ళు గడిపింది. ఇక్కడ నాకొక అలవాటు పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు. బస్సులోనో, ఆసుపత్రి వరండాలోనో నా వయసున్న నల్లజాతి మనిషి కనబడి, ఎవరో ఏ విల్సన్ అనో, ఆండర్సన్ అనో తెల్లవాళ్ళ ఇంటిపేరుతో పిలిస్తే తల తిప్పితే, వాళ్ళ పక్కన ఒక అక్కో తమ్ముడో ఉన్నారేమోనని చూస్తాను. వెళ్ళి అడగాలనిపిస్తుంది. మీ అమ్మానాన్న ఎవరు, ఎవరు చెప్పారు మీకు ఎవరూ లేరని? ఏం హక్కుతో అడుగుతాను? వాళ్ళకు మంచి ఇళ్ళే దొరికి ఉండొచ్చు. కిటికీలో దీపం, ముందు కుక్క. తేగలు తెచ్చిన అమ్మమ్మ పేరు కూడా నాకు మా అమ్మ ప్రార్థనలోంచే తెలిసింది.

అమ్మ పోయే ఏడాది ఒక మధ్యాహ్నం, బయట మంచు మీద ఎండ పడి గదంతా తెల్లగా ఉంది. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని కమలాఫలం ఒలుస్తోంది. చాన్నాళ్ళుగా అడగాలనుకున్నది అప్పుడు అడిగాను.

"అమ్మా, ఆ రోజు తట్టని అబద్ధమాడావు కదా. దానికి ఎప్పుడైనా బాధపడ్డావా?"

అమ్మ ఒక తొన విడదీసి నా చేతిలో పెట్టింది.

"పడ్డానమ్మా," అంది. "ఒక్క పిల్లకే ఆడాను. ఆ ఉక్కలో మిగతా పిల్లలందరి వీపుల మీదా కూడా చెమటకాయలే ఉన్నాయి."